నాన్న బతికొచ్చారు, మా మాట మాత్రం వినబడటం లేదు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వయసు 34, స్కూల్లో లెక్కలు చెబుతారు. అత్తవారిల్లు పుట్టింటికి రెండు వీధుల అవతలే కావడంతో రెండిళ్ల బరువూ ఈమె మీదే పడింది.

వాళ్ల నాన్నగారికి 61 ఏళ్లు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్ఫై ఏళ్లుగా గుమస్తా. ఆషాఢంలో జ్వరం వచ్చింది, అది న్యుమోనియాలోకి దిగింది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 23 రోజులు ఐసీయూలో ఉంచారు. అందులో 11 రోజులు వెంటిలేటర్ మీద. మధ్యలో కిడ్నీలు మొరాయిస్తే రెండుసార్లు డయాలసిస్ చేశారు. "బంధువులంతా ఆఖరి చూపు చూసినట్టు చూసి వెళ్లిపోయారు. అలాంటి మనిషి లేచి ఇంటికొచ్చారు. వీధిలో అందరికీ స్వీట్లు పంచాం" అని రాశారు.

ఇంటికొచ్చి మూడు నెలలైంది. పిలిస్తే పలకరు. టీవీ ఎంత పెంచినా "ఏమంటున్నాడు?" అని అడుగుతారు. చెవుల్లో రాత్రంతా కీచురాళ్లు అరుస్తున్నట్టుందట. ఒకసారి కొట్టుకి వెళ్లారు. ఫోన్లో అవతలివాళ్లు అరవై టిక్కీలంటే (మిర్చి బస్తాలు) ఎనభై అని రాసుకున్నారు. యజమాని మర్యాదగానే "ఇంకొన్నాళ్లు రెస్టు తీసుకోండి" అని పంపేశారు. అప్పట్నుంచి ఆయన యార్డు పేరెత్తడం లేదు.

నడక కూడా మారింది. గోడ పట్టుకుని నడుస్తారు. ఒకరోజు పొద్దున ముఖానికి సబ్బు రాసుకుంటూ ముందుకు పడిపోయి కుళాయికి నుదురు కొట్టుకుంది, రెండు కుట్లు పడ్డాయి. ఇంకోరోజు కరెంటు పోయినప్పుడు హాల్లో పడ్డారు. గిర్రున తిరగడం లేదంటారు, తూలుతోందంటారు. "వీధిలో నడుస్తుంటే బస్సు బోర్డు మీద అక్షరాలు ఎగురుతున్నాయమ్మా, నేను ఆగితే అవీ ఆగుతున్నాయి" అన్నారట.

అమ్మగారు "ముప్ఫై ఆరేళ్లు కాపురం చేశాక ఇప్పుడు నా మాటే చెవిన పెట్టడం లేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. చుట్టాలు మతి చలించిందంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు డిశ్చార్జి కాగితాల్లో అమికాసిన్ అనే యాంటీబయాటిక్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే లాసిక్స్ పేర్లు చూసి నెట్‌లో వెతికి, "ఆ ఇంజెక్షన్లే చెవులు తీసేశాయి, కేసు వేద్దాం" అంటున్నాడు. బాబాయి "ప్రాణం పోసినవాళ్ల మీద కేసా?" అని కోప్పడ్డారు. దగ్గర్లో ఒక డాక్టరు తూలుకి వెర్టిన్, స్టుజెరాన్ మాత్రలు రాసిచ్చారు, రెండు నెలలుగా వాడుతున్నారు. ఒక చెవి మెషిన్ల షాపువాడు పరీక్ష కూడా చెయ్యకుండా అడ్వాన్సు కట్టమంటున్నాడు. కార్తీక స్నానానికి కృష్ణకి వెళ్తానని నాన్నగారు పట్టుబడుతున్నారు. స్కూటర్ తాళాలు ఈమె దాచేశారు.

"వినికిడి తిరిగి వస్తుందా? రాకపోతే ఆ నిజం నాన్నకి చెప్పాలా? కేసు వెయ్యాలా వద్దా? మా మేనత్తకి కూడా చిన్నప్పుడు టీబీ సూదులు వేశాక చెవుడు వచ్చింది. రేపు నాకూ వస్తుందా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్న ఆ క్షణం దగ్గర రెండుసార్లూ ఆగాను. మీరు దాన్ని జరగరాని ప్రమాదంగా రాశారు. నాకు మాత్రం ఆయన ఇబ్బంది ఏమిటో చెప్పే అసలు ఆనవాలు అక్కడే కనబడింది.

నేను పాతికేళ్లు ఐసీయూల్లో పనిచేసిన డాక్టర్ని. పొద్దున్నే రౌండ్స్‌కి వెళ్తే బీపీ ఎంత, ఆక్సిజన్ ఎంత, యూరిన్ ఎంత వచ్చింది, క్రియాటినిన్ ఎక్కడుంది అని అడిగేవాళ్లం. చెవుల గురించి అడిగిన రోజు నాకు గుర్తు లేదు. ఒకసారి ఒక పెద్దాయన మూడు రోజులు దేనికీ సరిగ్గా బదులివ్వక, ఏదడిగితే ఏదో చెబుతుంటే, ఐసీయూలో చాలామందికి వచ్చే మతిభ్రమే అనుకుని దానికి మందులు కూడా మొదలుపెట్టాం. నాలుగో రోజు వాళ్లావిడ సంచిలోంచి ఆయన చెవి మెషిన్ తీసి పెట్టింది. ఆయన శుభ్రంగా మాట్లాడారు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. అందుకే మీ చుట్టాలు మతి చలించిందంటే ఒప్పుకోకండి. పెద్ద జబ్బు నుంచి లేచినవాళ్లకి కొన్ని నెలలు జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గడం ఉంటుంది, నిజమే. కానీ చెవుల సంగతి తేలకుండా మతిని పరీక్షిస్తే వచ్చే జవాబు తప్పే అవుతుంది.

ముందు తూలు గురించి చెబుతాను, ఎందుకంటే ఇంట్లో అందరూ చెవుడు గురించే కంగారుపడుతున్నారు. ఆయన ప్రాణానికి ఇప్పుడు ముప్పు తూలు వల్లే.

మనిషి నిలబడటానికి మూడు చోట్ల నుంచి మెదడుకి కబురు అందుతుంది. కళ్లు, అరికాళ్లు కీళ్లు, లోపలి చెవి. లోపలి చెవి రెండువైపులా దెబ్బతింటే మిగతా రెండూ కలిసి నెట్టుకొస్తాయి. వెలుతురులో, గట్టి నేల మీద మనిషి బాగానే కనబడతాడు. కళ్లు మూసుకుంటే మాత్రం ఒక ఆసరా పోయినట్టే. ముఖానికి సబ్బు రాసుకున్నప్పుడు జరిగింది అది, కరెంటు పోయినప్పుడు జరిగిందీ అదే. ఇక బోర్డుల మీద అక్షరాలు ఎగరడం. అడుగు వేసిన ప్రతిసారీ మన తల అదురుతుంది. ఆ అదురుకి సరిపడా కళ్లని ఎదురువైపు తిప్పి చూపుని నిలిపేది లోపలి చెవే. అది పనిచెయ్యకపోతే నడుస్తూ తీసిన ఫోన్ వీడియోలా లోకమంతా ఎగురుతుంది. గిర్రున తిరగకపోవడానికి కారణం కూడా ఇదే: ఒక చెవి చెడి ఒకటి బాగుంటే రెండింటి కబురూ పొసగక తల తిరుగుతుంది, రెండూ ఒకేలా తగ్గితే తిరగదు, తూలుతుంది.

చూడకుండా తీర్పు చెప్పను. అన్ని రోజులు మంచం మీద ఉన్నవాళ్లకి కండరాలు, కాళ్ల నరాలు బలహీనపడతాయి. లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలినప్పుడు అర నిమిషం గిర్రున తిరిగితే అది చెవిలో సన్నటి రేణువులు చోటు తప్పడం, దాన్ని డాక్టరు తలని ఒక పద్ధతిలో తిప్పి అక్కడికక్కడే సరిచేస్తారు. షుగర్ ఉంటే అరికాళ్ల స్పర్శ సంగతి కూడా చూడాలి. ఇవన్నీ కలిసి ఉండొచ్చు కూడా.

ఇప్పుడు చెవుడు. మీ నాన్నగారు "వినబడటం లేదు" అనడం కంటే "ఏమంటున్నాడు?" అని ఎక్కువ అడుగుతున్నారని రాశారు. ఆ తేడా చాలా ముఖ్యం. మాటలో అచ్చుల శబ్దం మందంగా, గట్టిగా ఉంటుంది. స, ష, చ, త, క లాంటి హల్లులు సన్నగా, పై శ్రుతిలో ఉంటాయి. ఇలాంటి మందుల వల్ల ముందు పోయేది ఆ పై శ్రుతే. అప్పుడు పాలు, కాలు, తాలు మూడూ ఒక్కలాగే వినబడతాయి. అరవై, ఎనభై రెండింటి చివరా ఆయన చెవికి తగిలింది 'ఐ' ఒక్కటే. మేలు కాయకీ నాసిరకం తాలుకీ ధరలో ఎంత తేడానో ముప్ఫై ఏళ్లుగా తెలిసిన మనిషికి అరవైకీ ఎనభైకీ మధ్య తేడా అందకుండా పోయింది. ఆయన యార్డు పేరెత్తకపోవడంలో బద్ధకం ఏమీ లేదు. మళ్లీ అంకె తప్పు రాస్తే ముప్ఫై ఏళ్ల పేరు పోతుందన్న భయం అది.

ఐసీయూలో ఉన్నవాళ్లకి వినికిడి తగ్గడానికి దారులు ఒకటి కాదు. ముక్కులోంచి, గొంతులోంచి గొట్టాలు వేసి రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెడితే, చెవికీ గొంతుకీ మధ్య ఉండే సన్నటి దారి మూసుకుపోయి కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. చాలామందికి అది దానంతటదే తగ్గుతుంది. మూడు నెలలైనా నీరు అలాగే ఉంటే మందులకో చిన్న ఆపరేషన్‌కో లొంగుతుంది. ఒక్కోసారి గుబిలి గట్టిపడి అడ్డం పడటమే కారణం, అది తీస్తే చాలు. ఇక మూడోది లోపలి చెవి దెబ్బ, మీ తమ్ముడు చెబుతున్నది.

అతను చదివింది తప్పు కాదు. అమికాసిన్ జాతి మందులకి ఈ మచ్చ పాతదే. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ని కనుక్కున్నారు, టీబీ రోగులకి వాడటం మొదలుపెట్టిన కొద్దికాలానికే తూలు, చెవుడు గురించి డాక్టర్లు రాశారు. ఈ జాతిలో జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఎక్కువగా బ్యాలెన్స్ మీద దెబ్బ కొడతాయి, అమికాసిన్ ఎక్కువగా వినికిడి మీద. రెండూ దెబ్బతినడం కూడా ఉంది. ఇవి ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీలు మొరాయించినప్పుడు మందు లోపలే నిలిచిపోతుంది. దానికి లాసిక్స్ తోడైతే చెవికి ముప్పు పెరుగుతుంది. చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15,000 ఉంటాయి. మనుషుల్లో అవి పోతే మళ్లీ మొలవవు. ఇంజెక్షన్ ఆపాక కూడా లోపలి చెవిలో మందు వారాల తరబడి ఉంటుంది కాబట్టి నష్టం ఇంటికొచ్చాక బయటపడటం మామూలే.

మరి ఎందుకు వాడారు? రక్తంలోకి పాకిన మొండి సూక్ష్మక్రిముల్ని చంపడానికి. ఆ రాత్రి ఆ మంచం పక్కన నేనున్నా బహుశా అదే మందు రాసేవాణ్ణి. దీన్ని సమర్థించుకోవడానికి అనడం లేదు, మీకు పూర్తి నిజం తెలియాలని అంటున్నాను.

కాబట్టి తిరిగి వస్తుందా అన్న ప్రశ్నకి జవాబు ఏ దారిలో పోయిందన్న దాన్ని బట్టి ఉంటుంది. అది తేల్చడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. గుంటూరు పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఈఎన్‌టీ విభాగాలున్నాయి. ప్రైవేటుగా వెళ్లినా వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. చెవి లోపల చూడటం, కర్ణభేరి వెనక నీరుందేమో చెప్పే టింపనోమెట్రీ, హెడ్‌ఫోన్లు పెట్టి బటన్ నొక్కమనే ఆడియోగ్రామ్, ఈ మూడూ ఒక్క పూటలో అయిపోతాయి. తూలుకి వేరే పరీక్షలున్నాయి, అవి అన్నిచోట్లా ఉండవు, ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. "కళ్లు మూసుకుంటే పడుతున్నారు, నడుస్తుంటే అక్షరాలు ఎగురుతున్నాయి" అన్న ఆ రెండు వాక్యాలూ కాగితం మీద రాసి డాక్టరు చేతిలో పెట్టండి. డిశ్చార్జి కాగితాలు కూడా. మూడు నెలల తర్వాత ఆడియోగ్రామ్ మళ్లీ తీయించండి, తగ్గుదల ఆగిందో లేదో తెలుస్తుంది. ఈలోగా ఒక్కసారిగా ఇంకా తగ్గిపోయిందనిపిస్తే ఆ రోజే తీసుకెళ్లాలి.

వినికిడి పరీక్ష చేసే గదిలోకి మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. ఇది మాత్రం మరిచిపోవద్దు. ఆడియోగ్రామ్ కాగితం మీద గీత ఎడమవైపు పైన మొదలై కుడివైపుకి వచ్చేసరికి కిందికి పడిపోయి ఉంటే, ఆడియాలజిస్టు ఆ పడిపోయినచోట వేలు పెట్టి "ఇదిగోనమ్మా, మీ మాటలో సగం ఇక్కడ పోతోంది" అని ఆమెకి చూపించాలి. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో తనని పట్టించుకోవడం మానేశాడనుకుని ఏడుస్తున్న మనిషికి మీరూ నేనూ చెప్పే వంద మాటల కంటే ఆ గీత ఎక్కువ ఓదార్పునిస్తుంది.

అప్పటిదాకా ఇంట్లో మాట్లాడే తీరు మార్చండి. వెనక నుంచి, వంటగదిలోంచి పిలవకండి. ఎదురుగా వచ్చి, ముఖం మీద వెలుతురు పడేలా నిలబడి, ముందు పిలిచి, ఆయన చూశాక మాట మొదలుపెట్టండి. టీవీ ఆపెయ్యండి. అరవొద్దు. ఈ రకం చెవికి చిన్న శబ్దం వినబడదు, పెద్ద శబ్దం చెవిలో పొడిచినట్టుంటుంది. ఒకసారి అందకపోతే అదే మాట రెట్టించకుండా వేరే మాటల్లో చెప్పండి. అంకెలైతే రాసి చూపించండి. "ఏం లేదులే, వదిలెయ్" అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. సరిగా వినబడని మనిషిని ఆ మాట ఎంత బాధపెడుతుందో వాళ్లనడిగితే తెలుస్తుంది.

మెషిన్ సంగతి. ఆడియోగ్రామ్ లేకుండా అడ్వాన్సు కట్టొద్దు. కళ్లు చూపించకుండా కళ్లజోడు కొన్నట్టే ఉంటుంది. రిపోర్టు చేతికొచ్చాక రెండు చెవులకీ పెట్టించడమా, ఒకదానికా అన్నది డబ్బుని బట్టి ఆలోచించుకోవచ్చు. రెండింటికీ పెడితే గోలలో మాట పట్టుకోవడం, శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియడం మెరుగ్గా ఉంటుంది. ఒక చెవితో మొదలుపెడితే ఖర్చు సగం, కానీ యార్డు లాంటి చోట కష్టపడతారు. ఏదైనా కొన్నాళ్లు వాడి చూసే వీలిచ్చే చోటే కొనండి. మొదటి నెల గిన్నెల చప్పుడు, ఫ్యాన్ హోరు చిరాకు పెడతాయి. చాలామంది ఆ నెలలోనే తీసి బీరువాలో పెట్టేస్తారు. రోజుకి రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లమనండి. కీచురాళ్ల మోత కూడా మెషిన్ పెట్టుకున్నాక చాలామందికి మరుగున పడుతుంది. మెషిన్లతో కూడా మాట అందనంత నష్టం ఉంటే లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది, ఆ మాట ఇప్పుడే అక్కర్లేదు. ఆదాయం తక్కువైతే 60 దాటినవాళ్లకి వయోశ్రీ పథకం కింద మెషిన్ ఇస్తారు, కనుక్కోండి. రెండు చెవుల్లోనూ నష్టం 60 డెసిబెల్స్ చేరితే వికలాంగుల చట్టం కిందికి వస్తారు, అప్పుడు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కి వెళ్లొచ్చు.

తూలుకి రెండు నెలలుగా వేస్తున్న మాత్రల గురించి రాసిచ్చిన డాక్టరుతోనే మాట్లాడండి, మీ అంతట మీరు ఆపొద్దు. ముఖ్యంగా స్టుజెరాన్ గురించి అడగండి. అలాంటి మాత్రలు తల గిర్రున తిరిగే మొదటి కొన్ని రోజులకి మంచివి. నెలల తరబడి వేస్తే మెదడు కొత్తగా బ్యాలెన్స్ నేర్చుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. పెద్ద వయసువాళ్లలో చేతులు వణకడం, నడక మందగించడం కూడా తేవొచ్చు. వాటి బదులు కావాల్సింది వ్యాయామం. చేయి చాచినంత దూరంలో గోడ మీద క్యాలెండర్లో ఒక అంకెని చూస్తూ, చూపు దాని మీంచి చెదరకుండా తలని కుడికీ ఎడమకీ ఊపాలి, ఒక నిమిషం. రోజుకి నాలుగైదు సార్లు. మొదట కూర్చుని, తర్వాత నిలబడి, ఆ తర్వాత నడుస్తూ. తూలుకి వ్యాయామాలు చేయించిన అనుభవమున్న ఫిజియోథెరపిస్టు దగ్గర మొదలుపెడితే మంచిది. మొదటి వారం తల బరువుగా ఉంటుంది, అక్కడే మానేస్తారు, మీరు పక్కన కూర్చోండి. లోపలి చెవి బాగుపడకపోయినా కళ్లూ కాళ్లూ ఆ పని నేర్చుకుంటాయి. నెలలు పడుతుంది.

ఈ రోజే చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. బాత్రూంలో ఒక స్టూలు వేసి ముఖం కూర్చునే కడుక్కోమనండి. గోడకి పట్టుకునే కడ్డీ బిగించండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగాలి, కరెంటు పోయినా వెలిగేదైతే మరీ మంచిది.

కార్తీక స్నానం. అమ్మా, ఈ ఒక్కచోట నేను ఖచ్చితంగా చెబుతాను. తెల్లవారకముందు చీకటి, పాచి పట్టిన మెట్లు, కళ్లు మూసుకుని మునక. నీళ్లలో కాళ్లకి నేల ఆనదు, ఒంటి బరువు తెలియదు, కళ్లు మూసి ఉంటాయి. పైకి ఏదో కిందికి ఏదో చెప్పే లోపలి చెవి పనిచెయ్యదు. ఇలాంటివాళ్లు నడుము లోతు నీళ్లలో కూడా ఎటు లేవాలో తెలియక మునిగిపోయే ప్రమాదం ఉంది. వద్దని కొట్టిపారేస్తే ఆయన ఎవరికీ చెప్పకుండా వెళ్లొచ్చు. అందుకని ఎండ వచ్చాక సీతానగరం ఘాట్‌కి మీరే తీసుకెళ్లి, పై మెట్టు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద పోయండి. దీపం ఆయన చేతే వదిలించండి.

స్కూటర్ విషయంలో మీ భయం సరైనదే, తాళాలు దాచిన పద్ధతే ఆలోచించాలి. దాచి ఉంచితే ప్రమాదం తప్పుతుంది, కానీ చిన్నపిల్లాడిలా చూస్తున్నారన్న బాధ మిగులుతుంది, పైగా ఎక్కడో రెండో తాళం ఉంటుంది. తాళాలు చేతికిచ్చి ఎందుకు వద్దో చెబితే ఆయన తీసుకునే అవకాశం ఉంది, నిజమే. మధ్యేమార్గం ఒకటుంది: బోర్డుల మీద అక్షరాలు నిలిచేదాకా బండి వద్దని డాక్టరు చేతే చెప్పించండి. నిర్ణయం తనదే అనిపించేలా తాళాలు ఆయన చేతుల మీదుగానే బీరువాలో పెట్టించండి. ముప్ఫై ఏళ్లు లెక్కలు రాసిన మనిషికి కారణం చెబితే అర్థమవుతుంది.

పని గురించి యజమానితో మీరు ఒకసారి మాట్లాడి చూడండి. ఫోన్ బేరాలు మానేసి, ధరలూ టిక్కీల లెక్కా వాట్సాప్‌లో రాసి పంపమంటే సరిపోతుంది. కాయ రంగు చూసి, తొడిమ పట్టి, తేమ ఎంతో చెప్పే చెయ్యి ఆయనకి అలాగే ఉంది.

నిజం చెప్పాలా అని అడిగారు. పరీక్ష కాకముందు చెప్పడానికి మీ దగ్గర నిజమే లేదు, ఊహ ఉంది. పోయిందని ఇప్పుడే అంటే, ఒకవేళ అది చెవి వెనక నీరే అయితే, ఆయన్ని ఊరికే కుంగదీసినట్టు. రిపోర్టు వచ్చాక దాచడం మాత్రం మంచిది కాదు. దాస్తే ఆయన వస్తుందని ఎదురుచూస్తూ మెషిన్ పెట్టుకోరు, చెవిలో ఎవరో చెప్పిన నూనెలు పోయించుకుంటారు. చెప్పేటప్పుడు ఎదురుగా కూర్చుని, వెలుతురులో, చిన్న వాక్యాల్లో చెప్పండి. ఆ కబురు మరొకరి పెదవుల మీద చదువుకోవాల్సిన పరిస్థితి రానివ్వొద్దు.

కేసు గురించి తమ్ముడిదీ బాబాయిదీ ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది. మందుకి దుష్ఫలితం రావడం వేరు, నిర్లక్ష్యం వేరు. కిడ్నీలు పాడైనప్పుడు మోతాదు తగ్గించారా, రక్తంలో మందు ఎంతుందో చూశారా, ఎన్ని రోజులు ఇచ్చారు, చెవికి ముప్పుందని మీకు ఎప్పుడైనా చెప్పారా, ఈ ప్రశ్నలకి జవాబుల్ని బట్టి అది తేలుతుంది. ఆ జవాబులు డిశ్చార్జి సమ్మరీలో ఉండవు, పూర్తి కేస్‌షీట్‌లో ఉంటాయి. మీరు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి నిబంధన. కేసు వేసినా వెయ్యకపోయినా అది తెప్పించుకోండి, ముందు వైద్యానికి పనికొస్తుంది. 1995లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వచ్చాయి, ఫిర్యాదుకి రెండేళ్ల గడువుంది. అంటే ఈ నెలలోనే తేల్చాల్సిన పనేం లేదు. కేసు వేస్తే ఏళ్లు పడుతుంది, ఇంకో స్పెషలిస్టు అభిప్రాయం కావాలి, వాయిదాలకి తిరగాల్సింది మీరే, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు కాదు. వెయ్యకపోతే, నిజంగా తప్పు జరిగి ఉంటే అది ఎవరూ అడగకుండానే పోతుంది. ఈ రెండింటికీ మధ్య ఇంకో మెట్టు ఉంది. ఆ ఆసుపత్రి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆడియోగ్రామ్ ముందు పెట్టి, పై ప్రశ్నలు వరసగా అడగండి. తమ్ముణ్ణి ఆ రోజుకి రమ్మనండి. ఆ డాక్టరు సూటిగా జవాబిస్తారా, తప్పించుకుంటారా అన్నది చూశాక మీ నిర్ణయం మీకే తేలికవుతుంది.

చివరగా, ఉత్తరం అడుగున మీరు రాసిన మేనత్తగారి మాట. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కొన్ని కుటుంబాల్లో ఒక జన్యులోపం ఉంటుంది. అది ఉన్నవాళ్లకి ఈ జాతి ఇంజెక్షన్లు కొద్ది మోతాదులో ఇచ్చినా చెవులు పోవచ్చు. టీబీకి అప్పట్లో వేసిన సూదులు స్ట్రెప్టోమైసిన్ అయి ఉంటాయి. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి ఒకే జాతి మందుతో చెవుడు రావడం యాదృచ్ఛికం కావచ్చు, కాకపోవచ్చు కూడా. రక్తపరీక్షతో తెలుస్తుంది, ఈఎన్‌టీ డాక్టరుతో ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ఈ లోపం తల్లి నుంచి మాత్రమే పిల్లలకి వస్తుంది, తండ్రి నుంచి రాదు. కాబట్టి నాన్నగారి వైపు నుంచి మీకు గానీ తమ్ముడికి గానీ రాదు, ఆ భయం వదిలెయ్యండి. మీ నాన్నమ్మ నుంచి ఆమె పిల్లలందరికీ వచ్చి ఉండొచ్చు, మేనత్త నుంచి ఆమె పిల్లలకీ, ఆ ఆడపిల్లల నుంచి వాళ్ల పిల్లలకీ.

నాన్నగారి పర్సులో ఒక చీటీ పెట్టండి: "అమికాసిన్, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇవ్వవద్దు. ప్రాణం మీదికొచ్చి వేరే దారి లేకపోతే ఇంటివాళ్లని అడిగి ఇవ్వండి." మేనత్త పిల్లలకి ఈ ఆదివారమే ఫోన్ చెయ్యండి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగక్కర్లేదు. జ్వరమొచ్చి ఏ ఆసుపత్రిలో చేరినా, అమ్మకీ మావయ్యకీ ఇలా జరిగిందని సూది వేయకముందే చెప్పమనండి.